రెండంగుళాల లూజు

ప్రేమావతి కుట్టిన స్కూలు గౌను మూడేళ్లలోపు బిగుతైందని సాతంరాయిలో ఎవరూ అనరు. మొదటి ఏడు పిల్ల ఆ గౌనులో ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండో ఏడు సరిపోతుంది. మూడో ఏడు లోపల వదిలిన గుడ్డ విప్పితే మళ్లీ కొత్తదే. ఊరి పక్కన ఎయిర్‌పోర్టు వచ్చాక అక్కడ ఊడ్చే తుడిచే వాళ్ల యూనిఫారాలు కూడా ఈమె మిషన్ మీదికే వచ్చాయి. వాళ్లు ఎదిగే వయసు దాటినా సరే, వాటికీ ఓ అంగుళం వదిలేది. "పెండ్లయినంక పెరగరా ఏంది?" అని ఆమె వాదన.

ఇంత ముందుచూపున్న మనిషి 2012లో సొంత కూతురి ప్రయాణానికే ఎసరు పెట్టింది.

కూతురు రెబెక్కాకు పద్నాలుగేళ్లు. హుస్సేన్‌సాగర్‌లో బడిపిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పే క్లబ్బులో చేరి, రెండేళ్లలో తనకంటే ముందు చేరినవాళ్లందరినీ దాటేసింది. ఏప్రిల్‌లో జర్మనీలో ఒక సరస్సు మీద జరిగే పోటీకి ఎంపికైంది. అక్కడి ఏప్రిల్ మన ఏప్రిల్ కాదు, నీళ్లు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయట. పడవ బోల్తా పడటం ఆ ఆటలో మామూలే. అందుకని చలి ఆపే సూటు కావాలి.

ఫిబ్రవరిలో కోచ్ శివశంకర్ ప్రేమావతి షాపుకొచ్చాడు. కాకినాడ మనిషి, మాట మెత్తన.

"రెండు రకాలున్నాయండి. డ్రైసూట్‌లోకి చుక్క నీరు రాదు, లోపల ఉన్ని బట్టలు వేసుకోవాలి. వెట్‌సూట్ మందపాటి రబ్బరు. అందులోకి కాస్త నీరొస్తుంది, ఒంటి వేడికి అది వెచ్చబడి చలిని ఆపుతుంది."

"తడవనిది ఉండంగ తడిసేది ఎవరన్న కొంటరా సార్?" అంది ప్రేమావతి.

కానీ క్లబ్బులో ఉన్న డ్రైసూట్ తొడిగి చూస్తే, మెడ దగ్గరి రబ్బరు పట్టీకి రెబెక్కాకు ఊపిరాడలేదు. చిన్న పడవలో క్షణానికోసారి అటూ ఇటూ మారాల్సిన పిల్లకు ఆ వదులు సంచి కాళ్లకు అడ్డం పడింది. "గిది నాకొద్దమ్మా" అనేసింది. సరే, వెట్‌సూటే అనుకున్నారు. టైలరు ఇంట్లోనే ఉండగా ఇంకొకరెందుకని, ఆర్డరుకు కొలతలు రాసే పనిని కోచ్ ప్రేమావతికే అప్పజెప్పాడు.

ప్రయాణం పది రోజులుందనగా సూటు వచ్చింది. రెబెక్కా వేసుకుంది. శివశంకర్ వీపు దగ్గర రబ్బరు పట్టి లాగితే గుప్పెడు చేతిలోకి వచ్చింది.

"ఇంత లూజేంటండీ? కొలతలు సరిగ్గానే తీశారా?"

"మంచిగనే తీసిన సార్. పెరిగే పిల్ల గద, అంతట రెండించులు ఎక్కువ రాసిన," అంది ప్రేమావతి, మెచ్చుకుంటాడని ఎదురుచూస్తూ.

శివశంకర్ స్టూలు మీద కూలబడ్డాడు. "ఇది ఒంటికి అతుక్కోవాలండీ. వదులుగా ఉంటే అల వచ్చినప్పుడల్లా లోపలి వెచ్చని నీళ్లు పోయి చల్లనివి దూరుతాయి. కొత్తది తెప్పించే వ్యవధి లేదు. ఇదే అయితే అమ్మాయిని నేను నీళ్లలోకి దింపను."

రెబెక్కా సూటు విప్పి, మడతపెట్టి తల్లి మిషన్ మీద పెట్టింది. ఆ పిల్ల నాలుగు తిట్టినా ప్రేమావతికి ఇంత బాధ ఉండేది కాదు.

మర్నాడు సూటుకు పొడుగైన చేతుల చివర్లు కత్తిరించి, ఆ ముక్కలను మిషన్ మీద కుట్టి చూసింది. నీళ్లు పోస్తే సూది పడిన చోటల్లా కారాయి. అప్పుడు చేత్తో వేసే తురపాయి కుట్టు గుర్తొచ్చింది. చీర అంచుకు తురపాయి వేసేటప్పుడు సూది పైకి తేలదు కదా. రబ్బరు మందంలో సగం వరకే సూది దించి చేత్తో కుట్టింది. నీళ్లు ఆగాయి కానీ గట్టిగా లాగితే కుట్టు నోరు తెరుస్తోంది. లేచి పంచర్ షాపుకు నడిచింది.

"కొండలన్నా, ట్యూబుకు రాసే సొల్యూషన్ జర ఇయ్యి."

"ఏం పంచరైందక్కా?"

"నా బిడ్డ ప్రయాణం."

కొండల్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. డబ్బా చేతికిచ్చి, "రెండు దిక్కుల రాసి, ఆరినంకనే అతికియ్యి. తడి మీద అతికిస్తే ఊడొస్తది," అని చెప్పాడు.

నాలుగు రోజులు ఆమె వేరే బట్ట ముట్టలేదు. పక్కలు కోసింది, అతికించింది, తురపాయి వేసింది. యూనిఫారాలు ఏవని ఎయిర్‌పోర్టు మేస్త్రీ వచ్చి అరిచి వెళ్లాడు. అరవనీ అనుకుంది.

ఐదో రోజు పొద్దున వాకిట్లో నీళ్ల డ్రమ్ము నిండా ఐసు వేశారు. రెబెక్కా సూటు వేసుకుని మెడదాకా దిగింది. శివశంకర్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. కూతురి భుజం పట్టుకుందామని నీళ్లలో చెయ్యి పెట్టిన ప్రేమావతికి అది నిమిషంలో తిమ్మిరెక్కింది. లోలోపల ప్రార్థన మొదలుపెట్టింది. పది నిమిషాలు గడిచాయి.

"ఎట్లుంది బిడ్డా?"

"చేతులే కొంకర్లు పోతున్నయమ్మా. లోపల వెచ్చగుంది."

నమ్మకం చాలక, ప్రేమావతి తిమ్మిరెక్కని చేత్తో సూటు మెడలోంచి వేళ్లు దూర్చబోయింది. రెండు వేళ్లు కూడా సరిగ్గా పట్టలేదు. అందినంత వరకు కూతురి వీపు వెచ్చగా తగిలింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

శివశంకర్ కుట్లను వేలితో తడిమి చూసి తలూపాడు. "అద్భుతంగా ఉందండీ. కాకపోతే, వచ్చే ఏడాదికి ఇది ఆమెకు పట్టదు."

"పట్టకపోతే పట్టకపాయె సార్," అంది ప్రేమావతి. "ఈయేడు పోనియ్యుండ్రి నా బిడ్డను."