అమ్మమ్మ రాల్చిన ఆకులు

చలి తగ్గి ఎండ కాస్త వెచ్చబడగానే మా అమ్మమ్మ అటక మీద నుంచి వసంతాన్ని దింపుతుంది. అది అట్టపెట్టెలో ఉంటుంది. ప్లాస్టిక్ మల్లెతీగల్ని సబ్బునీళ్లలో ముంచి, ఒక్కో ఆకునీ పసిపిల్ల చెవులు తుడిచినట్టు తుడిచి, కిటికీ చుట్టూ అల్లుతుంది. నిజం మొక్కనైతే పది రోజుల్లో చంపేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. తెలియకూడనిది ఒక్క చిన్నమ్మమ్మకే, ఎందుకంటే మొక్కల దగ్గర అక్కాచెల్లెళ్లకి చిన్నప్పటి నుంచీ పోటీ. అందుకే చెల్లెలు వచ్చే రోజున అమ్మమ్మ తీగ మీద నీళ్లు చిలకరించి, నమ్మకం కోసం కింద నాలుగు ఎండుటాకులు కూడా చల్లుతుంది. ఈసారి వీధిలో దొరికినవి చల్లింది.

చిన్నమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని వంగింది. "అక్కా, మల్లెతీగకి జామాకులు రాలుతున్నాయేంటే?"

"అంటు కట్టాను," అంది అమ్మమ్మ, రెప్పైనా వెయ్యకుండా.

"అబ్బో! అయితే నాకూ ఓ కొమ్మ ఇవ్వవే, నాటుకుంటాను."

అమ్మమ్మ కత్తెర తెచ్చింది. ఆకులు తెగాయి గానీ లోపలి ఇనుప తీగ తెగలేదు. చెమటలు కక్కుతూ కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, కొసకి తడిగుడ్డ చుట్టి మరీ చెల్లెలి చేతిలో పెట్టింది.

"రోజూ నీళ్లు పొయ్యి. వాడిపోతే మాత్రం తప్పు నీదే."