రబ్బీసుకు కాపలా

ఈ మధ్య గవర్నర్‌పేటలో ఎక్కడ టీ తాగినా పేపరు కప్పులోనే పోస్తున్నారు. నాలుగు మాటలు మాట్లాడేలోపు అడుగు మెత్తబడి, మిగిలిన టీ చొక్కా తాగుతోంది. గాజు గ్లాసులున్న ఆ రోజుల్లో ఒక మాట ఎక్కడ పుట్టిందో తేలేదాకా నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. (తేలిన సందర్భాలు గుర్తులేవు.) తెలుగు ఎమ్మే పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, కాలు ఒకచోట నిలవక తిరుగుతున్న నాకు అప్పట్లో మా బావ అప్పగించిన పని, ఒకచోట నిలబడటం.

పామర్రులో అక్కావాళ్ళు కొన్న స్థలం అంతకుముందు వరిచేను. మోకాలి లోతు పల్లం. వానలు ముదిరేలోపు మెరక చేసి పునాది వేస్తేనే అద్దిల్లు తప్పుతుంది. ఆ రోజు సాయంత్రమే పాస్టరు గారు వచ్చి శంకుస్థాపన ప్రార్థన చేస్తారు. బెజవాడలో ఎవరిదో పాత మేడ పడగొడితే వచ్చిన రాళ్ళూ ఇటుక ముక్కలూ, అంటే మనం రబ్బీసు అనేది, తోలడానికి బావ ట్రాక్టర్లు మాట్లాడాడు. హద్దురాళ్ళు నీళ్ళలో మునిగి ఏ స్థలం ఎవరిదో తెలియడం లేదు.

"నువ్వేం చెయ్యక్కర్లేదు బామ్మర్దీ. మన గట్టు మీద నిలబడు. నువ్వున్న చోట దించమని డ్రైవర్లకి చెప్పాను," అని బావ ఇబ్రహీంపట్నం డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నిలబడ్డాను. మబ్బు చూశాను, రోడ్డు చూశాను, మళ్ళీ మబ్బు చూశాను. పక్క స్థలం వెనకున్న ఇంటి అరుగు మీంచి రిటైరైన ఇంగ్లీషు మాస్టారు పలకరించారు.

"ఏం చదివావు నాయనా?"

చెప్పాను.

"అయితే ఈ రబ్బీసు తెలుగు మాటేనంటావా?"

అడగకూడని మనిషిని అడిగారు. సరిగ్గా వినపడాలని కాస్త అటు జరిగాను. ఇంగ్లీషులోనూ మొదట దాని అర్థం కూలిన కట్టడాల రాళ్ళూ రప్పలేననీ, తర్వాత వాళ్ళు చెత్తకీ, నచ్చని మాటలకీ వాడుకున్నారనీ, మనవాళ్ళు మాత్రం చివర ఉకారం తగిలించి పాత అర్థాన్ని గుంటల్లో భద్రపరిచారనీ చెప్పాను. "మరి వాళ్ళకెక్కడిదోయ్?" అన్నారు. ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి అన్నాను. "వాళ్ళకో?" అది పండితులకే తేలలేదని ఒప్పుకోవడానికి మనసు రాక, ఆయన ఇప్పించిన మజ్జిగ తాగుతూ, ఆయన వైపు గట్టు మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ ఊహించాను. వెనక ట్రాక్టరు రాళ్ళు దించిన శబ్దం వచ్చినప్పుడల్లా పని సాగుతోందని తృప్తి. నేను కదలబోతే మాస్టారు, "మరి కంకర సంగతేమిటి?" అనేవారు. (ఆ పక్క ఖాళీ స్థలం ఆయనదేనని అప్పటికి నాకు తెలియదు.)

సాయంత్రం అక్కా, పాస్టరు గారూ ఆటో దిగారు. డ్రైవర్లు బావ మాట జవదాటలేదు. నేనున్న చోటే దించారు. మాస్టారి స్థలం రోడ్డుకు సమానంగా ఉంది. మా దాంట్లో కప్పలున్నాయి.

"మనదేదిరా?" అంది అక్క. చూపించాను.

"పడ్డదాన్ని తవ్వితే బురదే వస్తుందమ్మా," అన్నారు మాస్టారు. "మాది మెరకే కదా, ఇక్కడ నిలబడి చేసుకోండి ప్రార్థన. నేనేం అనుకోను."

పాస్టరు గారు ఇరుగుపొరుగు చల్లగా ఉండాలని ప్రార్థించారు. పొరుగు అప్పటికే చల్లగా ఉంది కాబట్టి ఆమెన్ కాస్త నీరసంగా వచ్చింది. తెల్లారేసరికి వాన పట్టుకుంది. అక్కావాళ్ళు ఇంకో ఏడాది అద్దింట్లోనే ఉన్నారు.

ఇప్పుడు అక్క ఆ స్థలంలో కట్టుకున్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయిస్తోంది. ఆ గట్టు మీద పచార్లు చేసిన కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. అంత నమ్మకంగా ఇప్పుడు నేను ఏ విషయమూ చెప్పలేను. కంకర సంగతి మాత్రం కొంత తేలింది. అది చెబుదామని అక్కకి ఫోన్ చేసి, పని చూసుకోవడానికి రానా అని అడిగాను.

"రా. కానీ ఎక్కడా నిలబడకు," అంది అక్క.