కాగితం గబ్బిలానికి జడిసిన మనిషి

దోహాలో దిగబోతున్న విమానం ఒకటి, మా వియ్యంకుడు నిత్యానందం వేసిన కేక విని, దిగడం మానుకుని మళ్ళీ ఆకాశంలోకి లేచిపోయింది. ఇది నేను కళ్ళారా చూశాను. ఆ విమానం దిగడానికి వచ్చింది కాదు, అప్పుడే బయల్దేరింది అని మా అల్లుడు అంటాడు. సరే, బయల్దేరిందే అనుకుందాం. కేక మాత్రం నిజం. ఆ కేకకి వీధిలో కారు తుడుస్తున్న ముజఫ్ఫర్ అలీ అనే డ్రైవరు బకెట్ వదిలేసి మా గోడ మీదికి తల పెట్టి, "క్యా హువా చాచా, చోర్ ఆయా?" అని అడిగిన మాటా నిజమే. దొంగెవడూ రాలేదు. మా చిన్న మనవరాలు కాగితంతో గబ్బిలం చేసింది, అంతే.

నిత్యానందం గారికి భయం. ఫలానాది అంటే భయం అని చెప్పడానికి లేదు. ఏసీ గుర్రుమంటే భయం, బెలూన్ అంటే భయం, షాపులో వాటంతటవే కదిలే మెట్లంటే భయం, దుమ్ము పీల్చే మిషన్ అంటే ప్రాణం మీదికి వచ్చేంత భయం. గోదావరి కాలవ మీద లాకుల సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. అంతటి ప్రవాహాన్ని ఆపీ వదిలీ బతికినవాడు రొట్టెలు కాల్చే మిషన్‌లోంచి రొట్టె పైకి లేస్తే సోఫా వెనక్కి పోయి కూర్చునేవాడు.

ఇది తొంభై ఆరు అక్టోబరు నాటి సంగతి. మా అమ్మాయి, అల్లుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా కింది వాటా అద్దెకు తీసుకున్నారు. అల్లుడికి రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ. వియ్యంకులమిద్దరం, వియ్యపురాలూ ఒకేసారి విజిట్ వీసా మీద దిగబడ్డాం. మగాళ్ళిద్దరికీ కలిపి ఒకటే గది. పిల్లలు నన్ను గుంటూరు తాతయ్య అనీ, ఆయన్ని లాకుల తాతయ్య అనీ పిలిచేవారు. నేను కాన్వెంటులో చదివాను. దయ్యాలు లేవని సిస్టర్లు క్లాసులో చెప్పారు. అబద్ధాలు చెప్పేవాళ్ళని దయ్యాలు ఈడ్చుకుపోతాయని ప్రార్థన అయ్యాక చెప్పారు. ఇంతవరకూ నన్ను ఏదీ ఈడ్చలేదు కాబట్టి మొదటి మాటే నిజమని నా నమ్మకం.

ఎదురు కాంపౌండ్‌లో కారల్ అని ఒక అమెరికా ఆవిడ ఉండేది. ఏటా హాలోవీన్‌కి వీధిలో పిల్లలందర్నీ పిలిచి దయ్యాల పార్టీ చేసేది. ఎవరి దయ్యాన్ని వాళ్ళే చేసి తెచ్చుకోవాలని ఆవిడ షరతు. పోయిన ఏడాది మా చిన్నది ఫెబి గేటు దగ్గర ముసుగులు చూసి గుక్కపట్టి ఏడిస్తే, మిగతా ఇద్దరూ చాక్లెట్ మొహం చూడకుండానే వెనక్కి రావలసి వచ్చింది. అందుకని ఈసారి మా అమ్మాయి ముందే తీర్పు చెప్పేసింది.

"వెళ్తే ముగ్గురూ వెళ్ళండి. ఫెబి ఏడిచిందా, ముగ్గురూ ఇంటికే."

"మమ్మీ, ఇట్స్ నాట్ ఫెయిర్. దానికి నాలుగేళ్ళు. అది డోర్‌బెల్‌కి కూడా ఏడుస్తుంది" అన్నాడు పెద్దవాడు విన్సెంట్. వాడికి పన్నెండు.

"దాని నోట్లో చాక్లెట్ పెట్టేద్దాం. నోరు ఖాళీ లేకపోతే ఎలా ఏడుస్తుంది?" అంది గ్లోరీ. దానికి తొమ్మిది, అప్పటికే వకీలు.

ఫెబి వాళ్ళమ్మ కుచ్చిళ్ళలోకి దూరిపోయింది. వెళ్ళాలని దానికీ ఉంది. ఏ పూటకాపూట కిటికీలోంచి ఆ గేటు వంక చూసి వస్తూనే ఉంది.

మర్నాటి నుంచి ఇంట్లో దయ్యాల తయారీ మొదలైంది. విన్సెంట్ వాళ్ళ నాన్నని బతిమాలి సూక్ బజారు నుంచి ఇంత పెద్ద గుమ్మడికాయ తెప్పించాడు. కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టాలని వాడి పథకం. బడి నుంచి వచ్చేసరికి గుమ్మడికాయ లేదు.

"నానమ్మా, నా గుమ్మడికాయ ఏది?"

"పులుసు పెట్టేశాను నాన్నా. బెల్లం కాస్త ఎక్కువే వేశాను, నీకిష్టమని" అంది మా వియ్యపురాలు లూర్దమ్మ.

"అది హాలోవీన్‌ది నానమ్మా."

"ఆయ్, అన్నంలో కలుపుకో. ఏ పండగదైనా గుమ్మడికాయ గుమ్మడికాయే."

ఆవిడకి అసలు ఆ పండగే మింగుడు పడలేదు. "ఇది పోయిన రెండ్రోజులకే సమాధుల పండగండి అన్నయ్యగారూ. మన పెద్దోళ్ళకి కొవ్వొత్తి ఎలిగించుకుంటాం. ఈళ్ళేటండి, దయ్యాలకి చాక్లెట్లు పెడతన్నారు?"

"దయ్యాలకి కాదు చెల్లెమ్మా, దయ్యాల వేషం వేసుకున్న పిల్లలకి."

"పిల్లలకి పెట్టడానికి ఏషం ఎందుకండి, పిలిచి పెడితే సరిపోద్ది కదా" అని ఆవిడ ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది. క్రైస్తవం మీద ఇంత సూటి ప్రసంగం నేను పీఠం మీద నుంచి కూడా వినలేదు.

గుమ్మడికాయ పులుసైపోయాక విన్సెంట్ పాలపొడి డబ్బాకి మేకుతో కన్నాలు కొట్టి లాంతరు చేశాడు. గ్లోరీ కోడిగుడ్ల అట్టకి నల్లరంగు పూసి సాలీళ్ళు చేసింది, ప్రతి కాలూ స్కేలుతో కొలిచింది. నా పాత బనియన్‌లో న్యూస్‌పేపర్లు కుక్కి నేనొక దయ్యాన్ని తయారుచేశాను. అచ్చం మా పాత హెడ్మాస్టర్లా వచ్చింది. ఫెబికి కత్తెర ఇవ్వం కనక, వాళ్ళ నానమ్మ చపాతీ పిండి ముద్ద ఒకటి ఇచ్చింది. అది దానికి రెండు శనగగింజలు గుచ్చింది.

"ఇదేమిటి బంగారం?" అన్నాను.

"దయ్యం."

అది దయ్యంలా లేదు. పెసరట్టు పెనానికి అంటుకున్నట్టు ఉంది. విన్సెంట్ పకపకా నవ్వాడు. ఫెబి పెదవి వంకర తిరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే నిత్యానందం గారు గదిలోకి వచ్చి, ఆ ముద్దని చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని గోడకి అతుక్కుపోయారు.

"బావగారండీ, అదేటండి? ఆ కళ్ళు చూడండి, నన్నే చూత్తన్నాయి."

"శనగలు బావగారూ."

"ఏ శనగలూ అలా చూడవండి."

ఫెబి పెదవి సర్దుకుంది. ముద్దని అటు తిప్పింది. ఆయన ఇటు జరిగాడు. ఇటు తిప్పింది. ఆయన మంచమెక్కాడు. డబ్బా లాంతరుకీ, కొలత సాలీళ్ళకీ, నా హెడ్మాస్టరుకీ ఆయన పడిన భయం మామూలుదే కాని, ఆ పిండి ముద్దకి పడినంత భయం మనిషన్నవాడు పడగా నేను చూడలేదు. మూడో నాటికి అది పులిసి వాసన కొట్టడం మొదలుపెట్టింది. అప్పుడు మాత్రం నాక్కూడా భయం వేసింది.

"తాతయ్యా, ఇది పిండి. ముట్టుకో. ఏం చెయ్యదు" అని ఫెబి ఆయనకి పాఠం చెప్పేది. ఆయన ఒక వేలు చాచి, తాకీ తాకక ముందే కేక వేసి పారిపోయేవాడు. అది ఆయన వెనకాలే వెళ్ళి వీపు నిమిరేది. లూర్దమ్మ తలెత్తకుండా, "మళ్ళీ మొదలా" అనేది.

పార్టీ నాటి మధ్యాహ్నం విన్సెంట్‌కి ఇంకాస్త అట్ట కావలసి వచ్చింది. వెనక వరండాలో వాషింగ్ మెషీన్ పక్కనున్న అట్టపెట్టె నేను లాగాను. దాని కింద తేలు. పసుప్పచ్చది, కొండి పైకెత్తి నిలబడింది. కత్తి పట్టి దాన్ని ఎదుర్కొన్నానని తర్వాత పిల్లలకి చెప్పాను. నిజానికి వాషింగ్ మెషీన్ ఎక్కాను.

నా కేకకి నిత్యానందం గారు వచ్చారు. తేలుని చూశారు. "కదలకండి బావగారూ" అని, ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి దాని మీద బోర్లించి, కిందనుంచి అట్టముక్క జరిపి, పులుసు గిన్నె పట్టుకెళ్ళినంత నిదానంగా గోడవతల ఖాళీ స్థలంలోకి పట్టుకెళ్ళారు. "పో తల్లీ, ఇక్కడ నీకేం పని" అనడం నా చెవులతో విన్నాను. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటున్నారు. నేనింకా మెషీన్ దిగలేదు.

అంతలో ఫెబి తను చేత్తో చింపి చేసిన కాగితం గబ్బిలాన్ని దారానికి కట్టి ఊపుకుంటూ వచ్చింది. మొదట్లో చెప్పానే, ఆ విమానం కేక, అది అప్పుడు వేశారు. వేసి, వచ్చి వాషింగ్ మెషీన్ మీద నా పక్కన కూర్చున్నారు.

ముజఫ్ఫర్ అలీ గోడ మీద నుంచి మమ్మల్నిద్దర్నీ చూసి, దొంగ లేడని తెలుసుకుని, "మాఫీ ముష్కిల్", అంటే ఫర్వాలేదులే, అనుకుంటూ దిగిపోయాడు. ఫెబి వెళ్ళాక నేనడిగాను.

"తేలంటే లేని భయం కాగితమంటే ఏమిటి బావగారూ?"

"తేలు కుడితే మందుందండి. కాగితం కరిస్తే ఏముంది?"

లోపల్నుంచి లూర్దమ్మ నవ్వు వినిపించింది. "లాకుల కాడ ఈయన వట్టి చేత్తో పాముల్ని పట్టి అవతల పారేసేవోరండి అన్నయ్యగారూ."

అప్పుడు నా బుర్రకి వెలిగింది. ఏసీ గుర్రుమంటే భయం ఎవరికి? బెలూన్ అంటే? కదిలే మెట్లంటే? దుమ్ము పీల్చే మిషనంటే? అన్నీ ఫెబి భయాలే. ఆ పిల్ల నోరు తెరిచేలోపు ఈయన ఒక క్షణం ముందు భయపడిపోయేవాడు. ఇంట్లో భయం కోటా అంతా ఈయనే వాడేసుకుంటే దానికిక ఓదార్చే పనే మిగిలేది. కాన్వెంటు చదువు చదివి, అన్ని రోజులూ ఒకే గదిలో పడుకుని, నేను కనిపెట్టలేకపోయాను.

సాయంత్రం ఎదురు గేటు దగ్గర అస్థిపంజరాలు వేలాడుతున్నాయి. ముసుగులేసుకున్న పిల్లలు గోల గోలగా తిరుగుతున్నారు. ఫెబి ఆగిపోయింది. విన్సెంట్, గ్లోరీ ఊపిరి బిగబట్టారు. దాని కింది పెదవి మెల్లిగా ముందుకొస్తోంది.

"అమ్మాయ్ ఫెబీ" అన్నారు నిత్యానందం గారు, వణికిపోతూ, "నేను ఇంటికెళ్ళిపోతానే. నా వల్ల కాదు."

ఫెబి ఆయన వంక చూసింది. నిట్టూర్చింది. ఆయన చిటికెన వేలు పట్టుకుంది. "కళ్ళు మూసుకో తాతయ్యా. నేనున్నాగా. యల్లా, పద."

కళ్ళు మూసుకున్న ఆరడుగుల మనిషిని నాలుగేళ్ళ పిల్ల నడిపించుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది. "ఇది కాగితం. ఇది దుప్పటి. ఇతను కారల్ ఆంటీ వాళ్ళ అంకుల్, దయ్యం కాదు" అని ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. కారల్ గారు గిన్నె చాపితే మొదటి చాక్లెట్ తీసి, ధైర్యానికని ఆయన నోట్లో పెట్టింది. వెనకాల విన్సెంట్, గ్లోరీ జేబులు నింపుకునే పనిలో పడ్డారు.

తర్వాత మూడేళ్ళకి మళ్ళీ దోహా వెళ్ళినప్పుడు ఇదంతా రాసి, నిత్యానందం గారికి చదివి వినిపించాను. ఫెబి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని విన్నది. నేను కాగితాలు మడిచాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క ముక్క నిజం లేదండి ఇందులో. తేలూ లేదు, పాములూ లేవు. ఈయన మాటలు నమ్మకే అమ్మాయ్. నేను నిజంగానే జడుసుకున్నాను. నువ్వు లేకపోతే ఆ రోజు చచ్చిపోదును."