శాంతికుమార్ మాస్టారి ప్రార్థన మనవి

కొవ్వూరులో శాంతికుమార్ మాస్టారి ఎదుట ఇంగ్లీషు మాట అనాలంటే పాలు పోసే లోవరాజు కూడా ఒకసారి గొంతు సవరించుకుంటాడు. ఇంగ్లీషు మాస్టారుగా రిటైరయ్యారు గాని ఆయన చెవి రిటైరవలేదు. "మా కజిన్ బ్రదరండి" అంటే, "కజిన్ చాలు, బ్రదర్ దేనికి?" అంటారు. "చిన్న డౌటండి" అంటే, "డౌటు కాదు, ప్రశ్న" అంటారు. అన్నిటికన్నా గిట్టని మాట 'ఫీలవడం'. "ఫీలయ్యానంటే చాలదురా. ఏమని? కోపమా, సిగ్గా, సంతోషమా? అది చెప్పకపోతే వాక్యం కుంటుతుంది" అనేవారు క్లాసులో. బెత్తం మాత్రం ఎన్నడూ పట్టలేదు. జ్వరమొచ్చిన పిల్లల్ని తన సైకిలు మీదే ఇంటికి చేర్చేవారు, దారి పొడుగునా తప్పులు దిద్దుతూ.

ఈమధ్య ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. విశాఖలో నర్సుగా పనిచేస్తున్న కూతురు మెర్సీకి సెలవు దొరకలేదు. ఫోన్లో మెసేజ్ పెట్టింది: "డాడీ, డోంట్ ఫీల్. ఐ యామ్ దేర్."

కట్టు విప్పాక, బాగైన కంటితో ఆయన మొదట చదివింది అదే. వెంటనే జవాబిచ్చారు: "ఫీల్ తర్వాత ఒక మాట తగ్గింది. దేర్ అంటే అక్కడ. ఎక్కడ?"

ఆ తర్వాత మెర్సీ తల్లికే ఫోన్ చేసేది. "డాడీకి ఇవ్వనా?" అంటే, "డ్యూటీకి టైమైందమ్మా" అని పెట్టేసేది.

"నేనున్నానని రాసిందండీ పిల్ల," అన్నారు సంపూర్ణమ్మ గారు భర్తతో. "రాలేకపోయానని అది కుమిలిపోతుంటే, ఎక్కడున్నావని అడుగుతారా?"

"తప్పు చూపించానంతే, సంపూర్ణా."

"మరి మీది ఎవరు చూపిస్తారు?"

మాస్టారు పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి పేపర్లో తప్పుల కింద గీతలు గీయడం కూడా మానేశారు.

గురువారం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకోవడం ఆనవాయితీ. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరికి కోడలి కాన్పు. మాస్టారిది ఎప్పుడూ ఒకటే: "లోకశాంతి కోసం." కూడిక నడిపించే సువార్తమ్మ గారు అడక్కుండానే తల ఊపి పక్కవాళ్ళ వైపు తిరగబోయారు.

"ఆగండమ్మా," అన్నారు మాస్టారు. నల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా మెర్సీ నాతో మాట్లాడటం లేదండి. నేను చాలా... ఫీలవుతున్నాను."

గదిలో సగం మంది ఆయన శిష్యులే. ఎవరూ తలెత్తలేదు. ప్రార్థన ఇంకా మొదలవకుండానే వాళ్ళలో ఒకడైన ఆరోన్ గట్టిగా "ఆమెన్" అనేశాడు.

మనవులన్నీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం సువార్తమ్మ గారి అలవాటు. మెర్సీ కూడా ఆ గ్రూపులో ఉంది. టీ కప్పులు తీస్తుండగానే మాస్టారి ఫోన్ మోగింది. ఆయన ఎప్పటిలాగే స్పీకర్ నొక్కారు.

"డాడీ, ఫీలవుతున్నారంట?"

"అవునమ్మా."

"ఏమని?"

అచ్చం క్లాసులో ఆయన గొంతే. జీవితమంతా దిద్దిన ఇంగ్లీషులో ఆయనకు ఒక్క మాటా అందలేదు.

"దిగులుగా ఉందమ్మా," అన్నారు చివరికి.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నేనున్నాను కదా డాడీ."

సంపూర్ణమ్మ గారు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయి ఆయన నోటికేసి చూశారు.

"ఉన్నావమ్మా," అన్నారు మాస్టారు. "ఉన్నావు."