ట్రిగ్గర్ మీద పడని వేలు

నా చేతికి ఒక తల్లి రక్తం అంటకుండా కాపాడిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో, ఏప్రిల్ నెలలో, మిర్యాలగూడ దాటి సాగర్ వైపు గుట్టల మధ్య వేసిన తాత్కాలిక ఫైరింగ్ రేంజ్‌లో దిగాం. నీడకు ఒక్క చెట్టు లేదు. ఉదయం తొమ్మిదికే రైఫిల్ ఇనుము చెయ్యి కాల్చేది. ఒక మిత్రదేశం నుంచి వచ్చిన ఇరవై మంది సైనికులకు ఆయుధ భద్రత నేర్పడం నా డ్యూటీ. నాకు వాళ్ల భాష రాదు. సగం సైగలు, సగం వచ్చీరాని ఇంగ్లిషు. నన్ను 'ఉస్తాద్' అనడం మాత్రం మొదటి రోజే నేర్చుకున్నారు.

రైఫిల్ గొట్టం మనుషుల వైపు తిప్పకూడదు. కాల్చే ముందు టార్గెట్‌నూ, దాని వెనక ఏముందో కూడా చూడాలి. చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీద పడకూడదు, పక్కన చాచి ఉంచాలి. రోజూ ఇదే పాఠం. గుట్ట మీది సెంట్రీ ఎర్రజెండా ఊపితే కాల్పులు ఆపాలి. ఆ జెండా చూసి 'ఫైర్' అనాల్సింది నేను.

నాకొక అలవాటుంది. సండేస్కూల్లో అబ్బింది. ఆర్డర్ ఇచ్చే ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన. రేడియో దగ్గరుండే కోదాడ హవల్దారు ఏడిపించేవాడు: "ఏం పాస్టరు గారూ, ఆమెన్ అయిందా? ఇక్కడ మాడిపోతన్నాం!"

ఆరో రోజు. టీ కోసం అరగంట ఆగి, పదింబావుకు మళ్లీ మొదలుపెట్టాం. ఒక్కొక్కరి చేతే కాల్పిస్తున్నాం. వాళ్లలో అందరికంటే నెమ్మదస్తుడు బోర్లా పడుకుని రైఫిల్ లోడ్ చేశాడు. జెండా వైపు చూశాను, కదలడం లేదు. కళ్లు మూసుకున్నాను. తెరిచాక మళ్లీ చూడకుండానే అరిచాను.

"ఫైర్!"

చప్పుడు లేదు.

"ఫైర్!"

అతని వేలు ట్రిగ్గర్ పక్కన తిన్నగా అలాగే ఉంది. "నో, ఉస్తాద్. మదర్."

తలెత్తాను. టార్గెట్ ముందు ఒక ముసలమ్మ మేకను తరుముతోంది. గుట్ట మీద సెంట్రీ రెండు చేతులతో జెండా ఊపుతున్నాడు.

ఆమెను ఇవతలికి తీసుకొచ్చాం. "సప్పుడు బందయితే ఖతమయిందనుకున్న సారూ. మేక గీడికే ఉరికె" అంది. జరిగింది తెలిశాక నన్ను ఎగాదిగా చూసింది. "గా పిలగానికున్న సూపు నీకు లేకపాయె గద! కండ్లు మూసుకొని ఏం జేస్తున్నవ్?"



సాయంత్రం నేనే వెళ్లి ఆఫీసర్‌కు ప్రార్థనతో సహా అంతా చెప్పాను. మిగిలిన తొమ్మిది రోజులూ నన్ను గుట్ట మీద జెండా దగ్గర నిలబెట్టారు. అక్కడ పొద్దంతా ప్రార్థించాను, కింద టార్గెట్ల మీంచి చూపు తిప్పకుండా. బైబిల్ వాక్యం మెలకువగా ఉండి ప్రార్థించమనే చెప్పింది. కళ్లు మూసుకుంటేనే భక్తి అని నేననుకున్నాను.

సెలవు దొరికాక కోదాడ మీదుగా మా ఊరు మునగాల చేరాను. ఆదివారం చర్చిలో ప్రార్థనకు సంఘమంతా తల వంచింది. నా భార్య మోచేత్తో పొడిచింది.

"కండ్లు మూస్కోవేందయ్యా? అందరు సూస్తరు."

"అందరు మూసుకున్నరు గద, ఎవరు సూస్తరే?"

ఇన్నేళ్లయినా ఆ వేలు నా కళ్ల ముందే ఉంది. నల్లటి ఇనుము పక్కన, తిన్నగా, కదలకుండా. అతను ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. అతని కోసం, ఆ తల్లి కోసం, మీరూ నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. కళ్లు తెరిచే.