నేను మింగని బిళ్లలు

కొండ మీద బడి నడిపే నా కాలేజీ స్నేహితురాలు పోయిన మంగళవారం చనిపోయింది. ఘాటీ రోడ్డు మలుపులో వెనక నుంచి బస్సు వచ్చిందట. ఆమె పక్కకు తప్పుకోలేదట. కబురు తెచ్చినవాడు ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు అదే బడిలో పంతులు. బరంపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా ఒకే మాట తిప్పితిప్పి చెప్పాడు.

"హారన్ కొట్టినాడమ్మా. ఒక మాటు కాదు, నాలుగు మాట్లు కొట్టినాడు. గురుమా ఎనక్కి తిరిగి సూడనేదు."

ఎందుకు చూడలేదో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకు చెవులు వినబడవు. ఎందుకు వినబడవో నాకు తెలుసు. అది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఒరిగేదేమీ లేదు. మోసి మోసి అలిసిపోయాను, అందుకే రాస్తున్నాను.

మద్రాసులో ఆడపిల్లల హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకే గది. గంజాం జిల్లా నుంచి వచ్చినవాళ్లం మేమిద్దరమే. మా మాట విని తక్కిన పిల్లలు నవ్వేవారు. నేను రెండు నెలల్లో వాళ్లలాగా మాట్లాడడం నేర్చేసుకున్నాను. ఆమె ఆఖరిరోజు దాకా "ఏటి" అనే అంది. చదువయ్యాక నేను బరంపురంలో బట్టల వ్యాపారస్తుల ఇంటికి కోడలిగా వచ్చాను. ఆమె రసెల్‌కొండ దాటి, ఘాటీ ఎక్కి, ఏ పంతులూ నెల నిలవని చోట కోదు జాతి పిల్లలకు బడి పెట్టింది. ఎందుకే నీకీ తిప్పలు అంటే, "జొరానికి బయపడి అందరూ దిగిపోతే ఆ పిల్లలకి ఎవులు సెప్తారే?" అంది.

పెళ్లయిన రెండో ఏడు, దసరాకు మూడు వారాలు ఉందామని మొదటిసారి వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు, ముందు వసారాలో బడి, వెనక పసుపు తోట. బండి దిగిన నన్ను కుశలమైనా అడగలేదు మహాతల్లి. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఒక చేతిలో చలిజ్వరం రాకుండా వేసుకునే క్వినైన్ బిళ్ల పెట్టింది.

"ముందు మందు. తరవాతే మాటలు."

ఆ గడప తొక్కినవాళ్లెవరికైనా అదే మర్యాద. పోస్టాఫీసు నుంచి తెప్పించుకున్న బిళ్లలు. పొద్దున్నే పిల్లలను వరసగా నిలబెట్టి తలా ఒకటి వేసి, మింగారో లేదో నోరు తెరిపించి చూసేది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారికీ తప్పలేదు. "నాలిక సూపించండి" అని ఆయననూ అడిగిందట. ఆయన చూపించారట కూడా.

నేనూ రోజూ చూపించాను. నేను బయలుదేరేముందు మా అత్తగారు పక్కకు పిలిచి, "ఆ బిళ్లలు ఒట్టి వేడి అమ్మా. మింగితే కడుపు నిలవదు" అన్నారు. నాకు అప్పటికి పిల్లల్లేరు. మద్రాసులో చదివొచ్చినదాన్ని, ఆ మాట నమ్మాను. బిళ్లను బుగ్గలో దాచి, నాలిక చూపించి, పసుపు మొక్కల్లోకి వెళ్లి ఉమ్మేసేదాన్ని.

మూడో వారంలో జ్వరం వచ్చింది. నాకు తెలివి తప్పిపోతుంటే ఆమె డోలీ కట్టించి, రసెల్‌కొండ ఆసుపత్రి దాకా నా పక్కనే నడిచింది. దారంతా తడిగుడ్డ నుదుటి మీద మారుస్తూనే ఉంది. డాక్టరు, క్వినైన్ వేసుకోలేదా అని అడిగారు.

"రోజూ ఏసుకున్నాదండి. నా ముందరే మింగినాది."

నాకు మెలకువగానే ఉంది. మాట వినబడింది. కళ్లు మూసుకుని పడుకున్నాను.

నెల తిరిగాక ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. రోజుకో బిళ్ల వేసుకున్న నీకే జ్వరం వచ్చిందంటే ఈ కొండకు ఒక్కటి చాలదన్నమాట, పిల్లలకు పెంచాలంటే భయంగా ఉంది, ముందు నా మీద చూసుకుంటాను, అని రాసింది. నేను జవాబు రాశాను. కొత్త చీరల గురించి రాశాను. తరవాత నాకు పిల్లలు పుట్టారు, వాళ్ల గురించి రాశాను. ఆమె ఉత్తరాల్లో మొదట చెవుల్లో హోరు వచ్చింది, తరవాత కీచురాళ్లు కాపురం పెట్టాయి. "ఒక్కసారీ జొరం రాలేదు చూశావా" అని ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. ఒకసారి మా ఇంటికొచ్చిన డాక్టరును మాటల సందున అడిగాను. ఆ మందు ఏళ్ల తరబడి మోతాదు మించితే చెవులు పోతాయని చెప్పారు. ఆ మాటా ఆమెకు రాయలేదు. రాస్తే నా సంగతీ రాయాలి.

రెండేళ్ల కిందట, ఇక చెప్పేయాలని వెళ్లాను. గంజాం ఒరిస్సాలో కలవాలా, మద్రాసులోనే ఉండాలా అని బస్సంతా అరుచుకుంటోంది. నేను నా మాట కూర్చుకుంటూ కూర్చున్నాను. ఆమె జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి కేకలాంటి గొంతుతో, "ఒచ్చీసినావేటే!" అని బిళ్ల చేతిలో పెట్టింది. ఈసారి మింగాను.

ఆమె పొయ్యి దగ్గర అటు తిరిగి పప్పు కలుపుతుంటే, గుమ్మంలో కూర్చుని అంతా చెప్పాను. అత్తగారి మాట, బుగ్గ, పసుపు తోట, ఆసుపత్రిలో మూసుకున్న కళ్లు. ఏడుస్తూ చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసి గాభరా పడింది.

"ఏటే, ఏడుస్తన్నావు? ఏటన్నావు? నాకేటీ ఇనబడదే తల్లీ. ఉండు."

పలకా బలపమూ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను "నేను" అని రాశాను. దాన్ని చెరిపి, "పొగకి కళ్లు మండుతున్నాయి" అని రాశాను.

ఆమె చదివి పకపకా నవ్వింది. "పట్నం దానివైపోనావే" అంటూ తడిచేత్తో నా కళ్లు తుడిచింది. అదే చేత్తో పలక తుడిచి మళ్లీ నా ఒళ్లో పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఇంకేటి కబుర్లు? రాయి."

నా పెదాల వైపు చూడడం మానేసి, బలపం పట్టుకున్న నా వేళ్ల వైపే చూస్తూ కూర్చుంది.