ఆగిరిపల్లి తోటలో నాలుగు సీసాల బీరు, ఒక ముంత కల్లు

ఎనభయ్యో దశకం మధ్యలో బెజవాడలో బీరు తాగేవాళ్ళకి రుచి సంగతి తర్వాత, అసలు చల్లగా దొరికితే అదే పదివేలు. దుకాణంలో ఫ్రిజ్ ఉండేది, దానికి కరెంటు ఉండేది కాదు. అలాంటి రోజుల్లో నేనూ, మా ఆఫీసులో నా పక్క సీటు శ్రీహరీ బీరు రుచి చూసి మార్కులు వేసే పని నెత్తిన పెట్టుకున్నాం. తెలిసినవాళ్ళు ఎవరు బెంగుళూరు వెళ్తున్నా బతిమాలి కొత్త రకం సీసాలు తెప్పించుకునేవాళ్ళం. శ్రీహరికి నల్లగా, చేదుగా, ఒక్క గ్లాసుతోనే మనిషిని కూర్చోబెట్టే బీరు ఇష్టం. నాకు పల్చగా ఉండి, గొంతులో అడ్డం పడకుండా దిగి, గ్లాసు ఖాళీ కాగానే ఇంకో గ్లాసు అడిగించేది కావాలి. నా బీరుని వాడు బార్లీ నీళ్ళనేవాడు. వాడిదాన్ని నేను కషాయం అనేవాణ్ణి. ఈ తగువు ఏళ్ళ తరబడి సాగింది.

ఒకసారి శ్రీహరి మేనమామ కృష్ణమూర్తిగారు ఏదో పని మీద బెజవాడ వచ్చి, మా వాదన కాసేపు ఓపిగ్గా విన్నారు. ఆయనకి ఆగిరిపల్లి దగ్గర మామిడితోట ఉంది. ఖద్దరు చొక్కా, పెద్ద మీసం, ఎవరినైనా ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి. శ్రీహరితో పాటు నేనూ ఆయన్ని మావయ్యా అనే పిలిచేవాణ్ణి.

"మీరిద్దరూ దేనికోసం కొట్టుకు చస్తున్నారో అది మా తోట గట్టు మీద తాటిచెట్టుకే వేలాడతందిరా," అన్నారాయన. "ఒకే కుండలో నీ పల్చందీ ఉంది, వీడి ఘాటుదీ ఉంది. తెల్లారేటప్పటికి రండి, చూపిస్తా."

ఒకే కుండలో రెండూ ఎలా ఉంటాయని ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట మనసులో పడిపోయింది. మే నెల మొదట్లో ఒక ఆదివారం బయల్దేరాం.

ఇదే దారిలో వెళ్దామనుకునేవాళ్ళకి ఆ ప్రయాణం కొంచెం వివరంగా చెప్తాను. నా స్కూటరు మీద చీకటితోనే బెజవాడ వదిలి, నున్న మీదుగా వెళ్ళాం. బస్సు కూడా ఉండేది, టిక్కెట్టు మూడు నాలుగు రూపాయలకి మించేది కాదు, కానీ మొదటి బస్సు ఆగిరిపల్లి చేరేసరికి ఎండ ఎక్కేస్తుంది. పైగా మా దగ్గర సామాను ఉంది. పోటీ న్యాయంగా జరగాలి కదా అని నాలుగు సీసాల బీరు, రెండు పల్చనివీ రెండు ఘాటువీ, ఐసుముక్కలూ రంపపుపొట్టూ కూరిన గోనెసంచిలో పెట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఐసు కరిగి దారి పొడవునా నా చెప్పులు తడుస్తూనే ఉన్నాయి. నున్న దాటాక రోడ్డుకి రెండు పక్కలా తోటలే. చీకట్లో చెట్లు కనబడవు, మామిడి వాసన మాత్రం ముందే ఎదురొస్తుంది. పండిన కాయ వాసన కాదది, కాయ ముదిరేటప్పుడు తొడిమ దగ్గర వచ్చే పచ్చి ఘాటు. ఆ వాసనకే నా సగం డబ్బులు గిట్టుబాటయ్యాయి.

ఆగిరిపల్లి సెంటర్లో టీ తాగి, అక్కణ్ణించి బండిబాటలో తోటకి చేరేసరికి తూర్పు అప్పుడే ఎర్రబడుతోంది. మావయ్య గట్టు మీద మంచం వేయించుకుని కూర్చున్నారు. గట్టు వెంబడి ఆరు తాటిచెట్లు, వాటి అవతల మామిడిచెట్లు. ఒక తాటిచెట్టు పైనుంచి కత్తి చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి వీరాస్వామి నడుముకి కుండ కట్టుకుని దిగాడు. ఆ ఆరు చెట్లూ కల్లుకి గీసేది అతనే. నలభై ఏళ్ళుంటాయేమో, సన్నటి మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

"కూర్చోండి బాబూ. ఇది పొద్దు తగలకుండానే తాగాలండి," అని, తాటాకు మడిచి దొప్ప చేసి నా చేతికిచ్చి, పీచుతో వడకట్టి పోశాడు.

ఆ మొదటి గుక్క గురించి ఎన్నిసార్లు రాద్దామనుకున్నానో. పాల రంగులో ఉంది. ముంజెల తీపి, దాని వెనకాల సన్నటి పులుపు, నాలిక మీద చిన్నగా చిటపట. రాత్రంతా ఆరుబయట ఉన్న కుండ కాబట్టి ఏ ఐసూ ఇవ్వలేని చల్లదనం. మత్తు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. ఎన్నేళ్ళ నుంచో నేను సీసాల్లో వెతుకుతున్న పల్చని బీరు అదే. నాకు నిజంగా సంతోషం ఆగలేదు, ఇంకో దొప్ప పట్టాను. శ్రీహరి మాత్రం పెదవి విరిచి, "బాగుందిగానీ పంచదార పానకంలా ఉంది మావయ్యా," అన్నాడు.

"ఆగరా. తొమ్మిదవనీ, నీ వంతొస్తది," అన్నారు మావయ్య.

సంగతేమిటంటే, దించిన క్షణం నుంచీ కల్లు మారుతూనే ఉంటుంది. తెల్లవారుజామున నాది. పొద్దెక్కేకొద్దీ తీపి పోయి పులుపూ ఘాటూ పెరిగి శ్రీహరిది అవుతుంది. ఒకే కుండ, గంటకో రకం. సారా బట్టీకైనా బీరు ఫ్యాక్టరీకైనా చేతకాని పని ఎండ ఒక్కటే చేసిపెడుతుంది.

అందరం మెచ్చుకుంటున్నాం గానీ వీరాస్వామి ముఖంలో ఏదో గుబులు. మావయ్యే అడిగారు. "ఏంటోయ్, ఇవాళ తోట కాయ కొన్న షావుకారు వస్తానన్నాడనేగా?"

"అవునండి. గట్టు పక్క చెట్లకి కాయలు పోతన్నాయంటన్నారండి. కల్లుకొచ్చేవాళ్ళే కోస్తన్నారని ఆయన అనుమానం. కోతలయ్యేదాకా నన్ను చెట్టెక్కొద్దంటారేమోనండి," అన్నాడు వీరాస్వామి. "నాలుగు పూటలు గీత తప్పిందంటే గెల మొహం ఎండిపోద్దండి, ఇక కల్లు కారదండి. మళ్ళీ వచ్చే ఏడే. ఎండాకాలం మాకు తిండి పెట్టేది ఈ ఆరు చెట్లేనండి."

"నేనున్నాగా. చెప్తాలే," అన్నారు మావయ్య తేలిగ్గా.

ఇక్కడ మామిడి దేశపు పద్ధతి ఒకటి చెప్పాలి. తోట పూత మీద ఉండగానే నూజివీడు వ్యాపారి దాన్ని కౌలుకి తీసుకుంటాడు. ఆ రోజు నుంచి కోతలయ్యేదాకా చెట్టు రైతుది, కాయ షావుకారుది. ఒప్పందం ప్రకారం ఇంటి కాయలని కొన్ని బుట్టలు రైతుకి వస్తాయి. అంతే తప్ప, తాత నాటిన చెట్టయినా సరే, రైతు చెయ్యెత్తి ఒక్క కాయ కోయకూడదు. ఇది అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

తొమ్మిది కావచ్చింది. ఐసు నీళ్ళల్లోంచి సీసాలు తీసి, గాజు గ్లాసుల్లో బీరూ, దొప్పల్లో కల్లూ వరసగా పెట్టాం. నేను తెచ్చిన పల్చని బీరు, పొద్దుటి కల్లు తాగిన నాలికకి ఉత్త నీళ్ళల్లే తగిలింది. నేనే మార్కులు తగ్గించాను. శ్రీహరి ఘాటు బీరు గట్టిగానే నిలబడింది. చేదులో దానికున్న పెద్దరికం కల్లుకి లేదు, అది ఒప్పుకోవాలి. కానీ తొమ్మిదింటి కల్లు ఒక దొప్ప తాగాక వాడు తన బీరు గ్లాసు పక్కకి జరిపాడు. పుల్లటి దెబ్బ, ముక్కులోకి ఎగదన్నే ఘాటు, ఆఖర్న తాటిపండు తాలూకు చిన్న చేదు.

"మావయ్యా, ఇది నాదే," అన్నాడు ఆఖరికి, గెలిచినవాడిలా.

మావయ్య ఆనందానికి హద్దు లేదు. మేనల్లుడు తన గట్టు మీది సరుకుని మెచ్చుకున్నాడు. "నంజుకోడానికి ఏమీ లేకుండా ఏం తాగుతార్రా," అంటూ లేచి, రెండడుగులు వేసి, తలకి తగులుతున్న కొమ్మ నుంచి మూడు కలెక్టరు మామిడికాయలు పుటుక్కున తెంపారు. కత్తితో చెక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది మా చేతుల్లో పెట్టారు. కలెక్టరు కాయ పచ్చిగా తింటేనే రుచి. కల్లులోకి దాన్ని మించి నంజుకునేది నాకు ఇప్పటికీ తెలియదు.

వీరాస్వామి నోరు తెరిచి, "అయ్యగారూ, కాయ..." అన్నాడు.

"నా చెట్టేనోయ్!" అన్నారు మావయ్య. వీరాస్వామి నోరు మూసుకున్నాడు.

మేం తొక్కలు ఇంకా పారేస్తూ ఉండగానే మోపెడ్ చప్పుడయింది. సుబ్బయ్యగారు, తోట కౌలుకి తీసుకున్న నూజివీడు షావుకారు. తెల్లటి పంచె, నుదుట బొట్టు, మాటలో ఎక్కడా కోపం వినబడదు. ఆయన మా వైపు రాకముందే చెట్టు దగ్గర ఆగారు. తెంపిన మూడు తొడిమల నుంచీ సొన ఇంకా కారుతోంది. ఆ తర్వాత కల్లుకుండ చుట్టూ ఉన్న తొక్కలు చూశారు.

"కృష్ణమూర్తి గారూ, పోయిన వారమే చెప్పానండీ మీకు," అన్నారు మెల్లగా. "ఇప్పుడు కళ్ళారా చూశాను. వీరాస్వామీ, నువ్వు చెడ్డవాడివని అనను. కానీ కుండ ఉన్నచోట మనుషులు చేరతారు, మనుషులు చేరినచోట కాయ ఉండదు. మోకు తీసెయ్యి. కోతలయ్యాక చూద్దాం."

వీరాస్వామి ఎవరి వంకా చూడలేదు. ఎవరు కోశారో చెప్పలేదు. చెట్లు మావయ్యవి, రేపు కూడా ఆ గట్టు మీదకే రావాలి, ఎలా చెప్తాడు? వెళ్ళి, చెట్టుకి ఆనించిన మోకుతాడు తీసి చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. నేను చేతిలో ఉన్న ముక్క కింద పెట్టేశాను. మావయ్య నేల వంక చూస్తున్నారు. షావుకారు ముందు, పరాయివాడినైన నా ముందు, తన చెట్టు కాయ తనే దొంగతనంగా కోశానని ఆ పెద్దమనిషి ఎలా ఒప్పుకుంటారు? శ్రీహరి నేరం తన మీద వేసుకుందామని లేవబోయాడు. మావయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

"కోసింది నేనండీ," అన్నారు.

సుబ్బయ్యగారు నవ్వారు. "మీరు పెద్దవారు, పనివాణ్ణి వెనకేసుకొస్తున్నారు. నాకర్థమైందిలెండి."

నిజం చెప్పినా నమ్మని పరిస్థితి వచ్చింది. మావయ్య ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత చిన్నపిల్లాడు బడిలో చెయ్యి చాపినట్టు కుడిచెయ్యి షావుకారు ముందుకి చాపారు. బొటనవేలి నిండా మామిడి సొన, అప్పుడే నల్లబడుతోంది. సుబ్బయ్యగారు వంగి ఆ చెయ్యి వాసన చూశారు. తర్వాత వీరాస్వామి చేతులూ, మా చేతులూ చూశారు. మా వేళ్ళకి ఉప్పూ కారం తప్ప సొన లేదు.

"కలెక్టరే," అన్నారు ఆయన. కొమ్మ మీది మూడు తొడిమల వంక మళ్ళీ చూశారు. "వెనకటివి కూడా మీరేనా అండీ?"

"కొన్ని," అన్నారు మావయ్య, చాలా చిన్న గొంతుతో. "మజ్జిగన్నంలోకి."

సుబ్బయ్యగారు నవ్వాపుకోడానికి కష్టపడ్డారు గానీ వ్యాపారం వ్యాపారమే. "అయితే మీ ఇంటి కాయల్లో ఒక బుట్ట తగ్గిస్తానండి. పెద్ద రసాల బుట్ట."

చిన్న రసాలన్నా, బంగినపల్లన్నా మావయ్య అంత బాధపడేవారు కాదు. నూజివీడు పెద్ద రసం అంటే ఆయనకి ప్రాణం. అయినా, "తగ్గించండి," అన్నారు. "వీరాస్వామిని మాత్రం ఎక్కనివ్వండి."

"అతన్ని ఎందుకు ఆపుతానండీ? కాయ కోసింది అతను కాదుగా," అన్నారు సుబ్బయ్యగారు. వీరాస్వామి చుట్టిన మోకు మళ్ళీ విప్పాడు. విప్పుతూ కళ్ళు తుడుచుకున్నాడు, నాకు కనబడింది.

ఎండపూట మావయ్య ఇంట్లో గోంగూర పప్పుతో భోంచేసి, మత్తు దిగేదాకా పడుకుని, చల్లబడ్డాక తిరిగి బయల్దేరాం. అప్పటికే వీరాస్వామి సాయంత్రం గీతకి చెట్టు మీద ఉన్నాడు. పొద్దున బెజవాడకని అతను ఒక ఖాళీ బీరు సీసాలో పోసి ఉంచిన కల్లు మావయ్య మా చేతికిచ్చారు. మూతి దగ్గర బిరడా లేదు, పీచు మాత్రం కుక్కి ఉంది. బిగిస్తే పేలుద్దని చెప్పి పెట్టాడట. ఇల్లు చేరేసరికి అది కల్లు కాదు, వెనిగరు. మార్కులు వేయడానికి కూడా పనికిరాలేదు. మామిడి దేశానికి వెళ్ళి ఒక్క కాయ కూడా లేకుండా వచ్చారేమిటని మా ఆవిడ అడిగింది.

ఇప్పుడు ఊళ్ళోనే రకరకాల బీర్లు కుళాయిల్లోంచి వస్తున్నాయి. ఇష్టంగానే తాగుతాను, శ్రీహరితో తగువూ ఆడతాను. కానీ సీసా మన కోసం ఎన్నాళ్ళైనా ఆగుతుంది. తెల్లవారుజాము కల్లు ఆగదు. దాని వెనక పొద్దునా సాయంత్రం తప్పకుండా చెట్టెక్కే మనిషి ఉండాలి, ఆ మనిషిని ఎక్కనిచ్చేవాళ్ళుండాలి. ఆ దొప్ప తలుచుకుంటే నాకు తీపికన్నా ముందు, నల్లటి సొన మరకతో చాపిన ఒక పెద్దమనిషి చెయ్యి గుర్తొస్తుంది. ఆయన మీద నాకు గౌరవం అసలు మొదలయింది ఆ రోజే.

మీరు వెళ్ళదలుచుకుంటే ఒకటే జాగ్రత్త: ముందురోజు రాత్రికే ఆగిరిపల్లి చేరి పడుకోండి, పొద్దు పొడవకముందే చెట్టు కింద ఉండండి. తోటలో నడిచేటప్పుడు మాత్రం మా మావయ్యని చూసి నేర్చుకోండి. ఆ తర్వాత నేను వెళ్ళిన ప్రతి వేసవిలోనూ, కోతలు పూర్తయ్యేదాకా ఆయన తన సొంత తోటలో రెండు చేతులూ వెనక్కి కట్టుకునే తిరిగేవారు.